మనవాడను మాట ఇంజనుకు పూచీ యగునా?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మన తెలుగు కుటుంబములవారు పాత మోటారు సైకిలు కొనబోవునపుడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఏది? ఇంజను ఎట్లున్నదని కాదు. కాగితములు సరిగా నున్నవా యని కాదు. “అమ్మువారు ఎవరు? మనవారేనా?” అని. మనవారే యని తెలిసిన మరుక్షణము పరీక్ష ముగిసినది! కాఫీ వచ్చును, తాంబూలము వచ్చును, రూపాయలు చేతులు మారును. బండి మాత్రము వాకిట ఒంటరిగా నిలిచి యుండును. దానిని ఎవ్వరును ఒక్క మాటైనను అడుగరు. ఈ అలవాటు మంచిది కాదనియు, ఇది మనలోని బీదవారినే ముందుగా దెబ్బ తీయుచున్నదనియు, దీనికి మనలో పెద్దలనిపించుకొను వారే ముఖ్య బాధ్యులనియు మేము స్పష్టముగా చెప్పదలచితిమి. కొందరికి కోపము రావచ్చును. రానిండు.

ఇతరులను అనుటకు ముందు మా తప్పు మేమే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట సూళగిరి వైపు పల్లెనుండి మాకు తెలిసిన యొక కుటుంబములోని కుర్రవానికి హోసూరులో ఒక ఫ్యాక్టరీయందు తాత్కాలికపు పని దొరికినది. రాత్రి షిఫ్టు. ఆ వేళకు పల్లెకు బస్సు లేదు. దూరపు బంధువొకరు తన పాత మోటారు సైకిలు అమ్ముదుమనిరి. తల్లీ కొడుకులు మా అంగడికి వచ్చి, “అన్నా, మీరొక్క మాట చెప్పండి, చాలును” అనిరి. మేము బయటికి వచ్చితిమి. ట్యాంకు అద్దమువలె మెరయుచుండెను. సీటు క్రొత్తది. ఒకమారు హారను నొక్కి చూచి, “మనవాడేగదా, కొనవచ్చును” అంటిమి. మేము ఆయిలు చూడలేదు. ఆర్‌సి పుస్తకము తెరువలేదు. బేరము నిమిషములలో ముగిసినది. ఆ తల్లి చేతి గాజులు తాకట్టుకు పోయినవి.

మూడవ వారమున అర్ధరాత్రి హైవే మీద ఇంజను పట్టివేసి నిలిచిపోయెను. మెకానిక్కు విప్పి చూడగా బోరు గీతలు పడి యుండెను. శబ్దము వినబడకుండుటకై చిక్కని ఆయిలు పోసి యుండిరి. సరే, అమ్మివేయుదమన్నచో, ఆర్‌సిలో ఒక ఫైనాన్సు కంపెనీ పేరు తొలగింపబడనే లేదు. వరుసగా పనికి పోలేక కుర్రవాని పేరు ఫ్యాక్టరీ జాబితానుండి పోయినది. అమ్మినవారిని అడుగగా వారేమన్నారు? “పెద్దాయన చూచి బాగున్నదని చెప్పినారు గదా!” ఆ రెండు కుటుంబములవారు నేటికిని ఒకరింటి పెండ్లికి ఒకరు పోరు. అమ్మినవాని మోసము ఎంతయో మేమెరుగము. మా మాట దానికి ముసుగైనదని మాత్రము ఎరుగుదుము. ఆ గాజులకు మేము బాకీ పడి యున్నామని ఇచ్చట ఒప్పుకొనుచున్నాము.

ఇక విషయమునకు వత్తుము. పాత బండి కొనుటయే తెలివితక్కువ యని కొందరు బోధించుచున్నారు. అది కలిగినవారి మాట. బాగలూరు, కెలమంగలము, వేపనపల్లి వైపు పల్లెలనుండి షిఫ్టులకు వచ్చువానికి పాత బండియే కాలు, పాత బండియే కూలి. క్రొత్త బండికి వాయిదాలు కట్టలేనివాడు పాతది కొనక ఏమి చేయగలడు? బాగుగా సాకిన పదునైదేండ్ల బండి, నిర్లక్ష్యముగా తోలిన అయిదేండ్ల బండికంటె మేలు. వయస్సు కాదు ముఖ్యము. అది గడచిన జీవితము ముఖ్యము. ఆ జీవితమును చదువుట నేర్వవలెనేగాని పాతదానిని చూచి పారిపోనక్కరలేదు.

మరియొక విడ్డూరము గమనింపుడు. మనమున్నది ఎట్టి ఊరు? టి.వి.ఎస్. 50 అను మోపెడ్డు 1980లో వెలువడినది ఈ హోసూరునుండియే. 1984లో జపాను సుజుకీవారి సహకారముతో నూరు సి.సి. ఇండ్-సుజుకీ మోటారు సైకిలు వెలువడినదియు ఇచ్చటినుండియే. 2001లో, ఆ సహకారము ముగిసిన యేటనే, స్వంత పరిజ్ఞానముతో విక్టర్ తయారైనదియు ఇచ్చటనే. మన ఇండ్ల బిడ్డలు పగలంతయు ఫ్యాక్టరీలలో స్క్రూ గేజీతో వెండ్రుకంత తేడాను కొలిచి, తప్పు వస్తువును ప్రక్కకు త్రోసివేయుదురు. సాయంత్రము ఇంటికి వచ్చి, బావగారి బండిని మాత్రము కన్నులు మూసికొని కొందురు! కంపెనీ సొత్తునకు పరీక్ష, తన కష్టార్జితమునకు మొగమాటము! ఇదెక్కడి న్యాయము?

మన తాతలు ఇట్లుండిరా? లేదు. మత్తిగిరిలో 1824నాడే పశుక్షేత్రము వెలసిన సీమ యిది. ఎద్దును చూచుట మనవారికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. సంతలో అమ్మువాడు మేనమామయే యైనను నోరు తెరిపించి పండ్లు చూచెడివారు. సుడులు చూచెడివారు. నడిపించి, కాడి మోపి, బరువు లాగించి చూచెడివారు. పిమ్మట తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి ధర తేల్చెడివారు. నా ఎద్దు పండ్లు చూచితివి, నన్ను అవమానించితివని ఏ మేనమామయు అలిగి పోలేదు. చూడక కొన్నవానినే లోకము నవ్వెడిది. పరీక్ష అనునది అవమానము కాదు. అది బేరములోని మర్యాద. ఆ మర్యాదను ఎద్దుతోపాటే మనము సంతలో అమ్మివేసితిమి.

మనవాడను మాటకు తోడు మరి రెండు మత్తుమందులు కలవు. మొదటిది కంపెనీ పేరు. “యమహా ఆర్‌ఎక్స్ 100 అండీ, దానికి తిరుగులేదు”, “మైసూరు జావా అండీ, ఉక్కు ముక్క” అందురు. నిజమే, అవి మంచి బండ్లే. కాని ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగినది. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడినది. నేడు మీ ముందు నిలిచిన బండి ఎన్ని చేతులు మారినదో, ఎన్నిమారులు బోరు కొట్టించినదో, ఏ ఇంజను తెచ్చి ఏ చాసిస్‌కు తగిలించిరో కంపెనీ పేరు చెప్పునా? మంచి వంశములో పుట్టినవారందరును మంచివారేనా? పేరు చూచి పిల్లనియ్యరాదని ఎరిగినవారము, పేరు చూచి బండి కొనుట ఎట్లు?

రెండవది బెంగుళూరు మోజు. అది ఇచ్చటికి దాదాపు 40 కిలోమీటర్లు మాత్రమే గదా. అక్కడ ఉద్యోగస్థులు వాడిన బండ్లు పువ్వులవలె నుండునని మనవారి నమ్మకము. పొరుగింటి పుల్లకూర రుచి! అక్కడి వాహనముల రద్దీలో క్లచ్చి పట్టి పట్టి అరిగిన బండి దూరము తక్కువ తిరిగినను ఎక్కువ అలసినదే. పైగా 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపురము రోడ్డు ప్రాంతములు నీట మునిగినవి. అంత దూరమేల? 2024 డిసెంబరు మొదట ఫెంగల్ తుపాను వానలకు మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినములోనే 50 సెంటీమీటర్ల వర్షము పడి, రోడ్డున నిలిపిన వాహనములు కొట్టుకొని పోవుట అందరము చూచితిమి. అట్లు మునిగిన బండ్లలో కొన్ని తుడిచి రంగు వేసికొని సంతకు రావని ఎవరు చెప్పగలరు?

కావున చూచుట ఎట్లో చెప్పుదుము. మేము మెకానిక్కులము కాము. పై దెబ్బ తగిలిన పిదప మంచి పనివారియొద్ద కూర్చుండి నేర్చినది చెప్పుచున్నాము.

బండిని తెల్లవారిన పిమ్మట వెలుతురున, చల్లారిన ఇంజనుతో చూడవలెను. దీపము క్రింద చూచిన చీరయు, రాత్రి చూచిన బండియు ఒక్కటే. వెళ్ళగానే ఇంజను చెంతకు చేయి చాపుడు. వెచ్చగా నున్నచో మీకు ముందే ఎవరో దానిని లేపి యుంచిరని అర్థము. చల్లని ఇంజను సులభముగా పలుకుట ఆరోగ్యము. వేడి చేసిన పిదప పలుకుట గొప్ప కాదు. స్విచ్చి వేయకముందే కిక్కును చేతితో మెల్లగా నొక్కి చూడుడు. గట్టిగా ఎదురు నిలిచినచో లోపల బిగువున్నది. నీటిలో చేయి పెట్టినట్లు దిగిపోయినచో పిస్టను రింగులో, వాల్వులో అరిగినవి.

పొగ చూడుడు. నాలుగు స్ట్రోకుల బండి నీలిపొగ విడచినచో అది ఆయిలు త్రాగుచున్నదని తెలిసికొనుడు. రెండు స్ట్రోకుల బండి పెట్రోలుతోపాటు ఆయిలును కాల్చునదే గనుక కొంత పొగ దానికి సహజము. దానిని చూచి భయపడ నక్కరలేదు. నల్లపొగ పెట్రోలు ఎక్కువ మండుచున్నదని చెప్పును. అది పలుమారు కార్బ్యురేటరు సవరణతో పోవును. ఇన్ని పొగలలో ఏది రోగమో, ఏది స్వభావమో తెలియకయే, పొగ లేదు, బాగున్నదని మేము తలయూపితిమి!

ఆయిలు చూడుడు. నల్లబడినచో మార్పవచ్చును. పాలు పోసిన కాఫీ రంగున నున్నచో నీరు కలిసినది. మునిగిన బండికి ఇది మొదటి సాక్ష్యము. ట్యాంకు మూత తీసి టార్చి వేసి అడుగున త్రుప్పు చూడుడు. హెడ్‌లైటు డొప్పలో బురద చార, వైర్ల కొనలలో పచ్చ చిలుము, సీటు క్రింద ఇసుక ఉన్నచో ఆ బండి ఎక్కడ స్నానమాడి వచ్చెనో అడుగుడు.

అన్నిటికంటె ముఖ్యము చాసిస్. ఇంజను చెడినచో డబ్బు పోవును. చాసిస్ వంకర యైనచో ప్రాణము పోవును. హ్యాండిలు మెడ దగ్గర, ట్యాంకు క్రింద, క్రొత్త వెల్డింగు మచ్చలును, ఒక్కచోట మాత్రమే క్రొత్త రంగును ఉన్నవేమో వెదకుడు. బండిని నడిపించి వెనుకనుండి చూచినచో రెండు చక్రములు ఒక్క గీత మీద నడువవలెను. సెంటరు స్టాండు వేసి, ముందు చక్రము లేపి, ఫోర్కు కాళ్ళు పట్టి ముందుకు వెనుకకు ఊపుడు. టకటక మన్నచో బేరింగులు పోయినవి. ఫోర్కు కాళ్ళపై ఆయిలు జిడ్డున్నచో సీళ్ళు పోయినవి. వెనుక స్ప్రాకెట్టు పండ్లు కొక్కెములవలె వంగినచో చైనుతోపాటు మార్పవలసినదే.

స్పీడోమీటరు అంకెను నమ్మకుడు. దాని కేబులు విప్పివేయుట ఎంతసేపు? మీటరు ఇరువది వేలని చెప్పుచుండగా, కాలు పెట్టు రబ్బరు అరిగి ఇనుము కనబడుచున్నచో ఎవరు నిజము చెప్పుచున్నారు? రబ్బరే. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును. మొదటి రెండు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది. క్రొత్త టైరండీ అనువానికి ఈ అంకె చూపుడు.

పిదప ఎత్తు ఎక్కింపుడు. హోసూరువారికి చంద్రచూడేశ్వరుని కొండ దారి యున్నది. కృష్ణగిరివారికి హోసూరు వచ్చు 50 కిలోమీటర్ల దారియే చాలును. ఆ మధ్యనే భూమి మూడు వందల మీటర్లకు పైగా లేచును. వెనుక నొకరిని కూర్చుండబెట్టుకొని తోలుడు. ఇంజను అరచుచుండ వేగము మాత్రము పెరుగనిచో క్లచ్చి పోయినది. చదును రోడ్డుపై గుర్రమువలె పరుగెత్తిన బండి ఎత్తున గాడిదయగుట మేము కన్నులార చూచితిమి.

నేటి కాలమునకు చెందిన మరియొక మాట. 2025 నాటికి బంకులలో 20 శాతము ఎథనాల్ కలిసిన పెట్రోలు సాధారణమైనది. పాత కార్బ్యురేటరు బండ్లు దీనికై తయారైనవి కావు. ఎథనాల్ నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను, సీళ్ళను మెత్తబరచును. కావున పెట్రోలు గొట్టములు, కార్బ్యురేటరు కీళ్ళు ప్రత్యేకముగా చూపించి, వాటి ఖర్చును ధరలో తగ్గించి బేరమాడుడు.

ఇంజను బాగున్నది, ఇక చాలునా? చాలదు. కాగితములు లేని బండి ఇనుప సామాను. చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఆర్‌సితో అంకె అంకెగా సరిచూడుడు. అంకెల చోట గీకిన గుర్తు లున్నచో దండము పెట్టి లేచి రండు. ఫైనాన్సువారి పేరున్నచో అప్పు తీరినదను పత్రము, 35వ నెంబరు ఫారము చేతికి వచ్చువరకు డబ్బు చెల్లింపకుడు. ప్రభుత్వమువారి పరివాహన్ జాబితాలో బండి నెంబరు కొట్టి, ఇన్సూరెన్సు, గడువు మొదలగునవి చూచుట మన బిడ్డలందరికి చేతనగును. స్వంత వాహనమునకు రిజిస్ట్రేషను 15 సంవత్సరములే. పిదప అయిదేండ్ల కొకమారు పునరుద్ధరింపవలెను. గడువు దాటిన బండిని చవుకయని కొన్నవాడు గాలికి పోయే కంపను తగిలించుకొన్నట్లే.

కర్ణాటక బండి యైనచో అచ్చటి ఆఫీసునుండి ఎన్‌ఓసి రావలెను. వేరు రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇచ్చట నుంచుకొన్నచో ఇచ్చటి నెంబరు తీసికొని, పన్ను కట్టవలెనని చట్టము. కుప్పమునుండి బావ తెచ్చిన బండికిని ఇదే నియమము. సరిహద్దు మనకు చుట్టరికములలో లేకపోవచ్చును. మోటారు వాహనముల చట్టములో ఉన్నది.

అమ్మువారికిని ఒక మాట. బండి ఇచ్చివేసితిని, నాకేమి యనుకొనకుడు. 1988 చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో అమ్మకమైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను ఆర్‌టివో ఆఫీసునకు తెలుపవలెను. దానికే 29, 30 నెంబర్ల ఫారములు. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల వ్యాజ్యమున స్పష్టముగా చెప్పినది: ప్రమాదము జరిగిన నాటికి రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో, నష్టపరిహారమునకు వారే బాధ్యులు, బండి ఎన్ని చేతులు మారినను సరే. సంతకము పెట్టిన ఖాళీ ఫారము బంధువు చేతిలో పెట్టువాడు తన ఇల్లు అతని హ్యాండిలుకు కట్టుచున్నాడు! పరీక్షయు, పత్రమును కొనువానికి ఎంత మేలో అమ్మువానికిని అంతే మేలు.

ఇన్ని చెప్పగా, “అయ్యా, ఇట్లు పరీక్షించినచో మనలో మనకు నమ్మకమేమి మిగులును? ఈ పరదేశములో తరతరములుగా ఒకరినొకరు నమ్మియే గదా బ్రతికితిమి?” అని పెద్దలు కొందరు మమ్ము అడిగిరి. దానికి మా సమాధానము రెండు మాటలు. ఇది పరదేశము కాదు, మన ఊరు. ఇచ్చటి చట్టము మన చట్టము. ఇక నమ్మకము. చూడక నమ్మినది నమ్మకము కాదు, సోమరితనము. మేము ధాన్యము కొనునపుడు అన్నదమ్ముని మూటకైనను బొంబు పొడిచి గింజలు చేత చూచుకొందుము, తూకము వేయుదుము, చీటి వ్రాయుదుము. అందుచేతనే ఇన్నేండ్లయినను మాలో మాకు తగవు లేదు. తూకము చుట్టరికమును చెరుపదు. తూకము లేకపోవుటయే చెరుపును. పై రెండు కుటుంబములను విడదీసినది పరీక్ష కాదు, పరీక్ష లేకపోవుట.

కావున మనలో మధ్యస్థము చేయు పెద్దలందరికి మా ప్రార్థన ఒక్కటే. చూడని బండికి మాట ఇయ్యకుడు. “నేను చూడలేదు, అమ్మువానికి సంబంధము లేని మెకానిక్కు చేత చూపించుడు” అని చెప్పుటకు సిగ్గుపడకుడు. ఆ మెకానిక్కు కూలి చిన్నది. గాజుల వెల పెద్దది. మెకానిక్కు చూచి, కాగితములు సరిపడి, ఫారములపై ఇరువురును సంతకములు చేసిన పిదపనే మిగిలిన డబ్బు చేతులు మారునట్లు చూడుడు. ఇంతకుమించి ఎవరిని సంఘబహిష్కారము చేయనక్కరలేదు, ఎవరిని దొంగయని పిలువనక్కరలేదు.

ఇకమీదట మా అంగడి ముందు ఎవరైనను పాత బండి నిలిపి, “అన్నా, ఒక్క మాట” అన్నచో, మేము మొదట అడుగునది అమ్మువాడెవరని కాదు. ఇంజను చల్లగా నున్నదా, ఆర్‌సి తెచ్చితివా యని. కోపగించువారు కోపగింతురు గాక. ఆ కోపము ఒక పూట; అప్పు మూడేండ్లు.